బుల్లయ్య పెట్టిన దణ్ణం

చిలకలూరిపేట పత్తి మిల్లులో పనికి చేరకముందు బుల్లయ్య చాలాకాలం పాలేరు. ఆసామి కోప్పడితే తప్పెవరిదని అతను ఆలోచించేవాడు కాదు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "తప్పైపోయింది బాబూ" అని దణ్ణం పెట్టేవాడు. ఆసామి చల్లబడేవాడు, పని సాగేది. ఆ దణ్ణాన్ని వినయమని మెచ్చుకున్న పెద్దమనుషుల్లో మనమూ ఉన్నాం.

1984 వేసవిలో మిల్లు షెడ్డులో నిప్పు లేచింది. గింజ తీసే యంత్రానికి పత్తి అందిస్తున్న సుబ్బరావమ్మ బయటికి రాలేకపోయింది. 'ప్రమాదవశాత్తు మరణించినది' అని మిల్లువారు బోర్డు మీద రాశారు. కాలిపోయింది అని రాయాలి.

మర్నాడు మేనేజరు రామచంద్రమూర్తి, అదే యంత్రం మీద పనిచేసే బుల్లయ్యను తన గదికి పిలిపించాడు.

"బీడీ కాల్చింది నువ్వేగా? ఆడమనిషిని పొట్టన పెట్టుకున్నావు గదరా!" అని అరిచాడు.

బుల్లయ్య తలగుడ్డ తీశాడు. "తప్పైపోయింది బాబూ."

"విన్నారుగా, ఒప్పుకున్నాడు" అన్నాడు మేనేజరు, గుమాస్తాల వైపు తిరిగి. అంతే. బుల్లయ్యను పనిలోంచి తీసేశారు. చావుకు కారకుడన్న నింద కూడా అతనితోపాటే గేటు దాటింది.

తమ తరఫున మాట్లాడడానికి షెడ్డువాళ్ళు ఎన్నుకున్న యూనియన్ ప్రతినిధి ఫిట్టరు మీరా హుస్సేన్. గేటు పక్కన కూలబడ్డ బుల్లయ్యను చూసి మండిపడ్డాడు.

"మావా, నువ్వు బీడీ ఎప్పుడు కాల్చావు?"

"నాకా అలవాటే లేదు గదయ్యా."

"మరి తప్పైపోయిందని ఎందుకన్నావు?"

"బాబుగారు కోప్పడ్డారు గదా..."

"ఉరి తీస్తామంటే తాడు కూడా నువ్వే పేనిచ్చేట్టున్నావే!"

విచారణ లేకుండా మనిషిని తీసేయడానికి వీల్లేదని మీరా హుస్సేన్ మేనేజరుకు చెప్పాడు. కుదరదన్నాడు మేనేజరు. మర్నాడు ఉదయం షెడ్డులో అందరూ యంత్రాల పక్కనే కూర్చుండిపోయారు. బయట పత్తి లారీలు బారులు తీరాయి. మధ్యాహ్నానికి విచారణ కుదిరింది.

గదిలో మేనేజరు గద్దించగానే బుల్లయ్య చేతులు వాటంతటవే పైకి లేచాయి. పక్కన కూర్చున్న మీరా హుస్సేన్ వాటిని పట్టుకుని కిందికి దించాడు.

"జరిగింది చెప్పు మావా. నేనున్నా."

బుల్లయ్య తల దించుకునే చెప్పాడు. "పత్తిలో రాయొచ్చిందండి. యంత్రంలో పడి రవ్వలు లేచినయ్. సుబ్బరావమ్మా, పక్కకి రా అని అరిచా. ఆ మోతలో దానికి వినపడలా."

"రాళ్ళు ఏరే ఆడవాళ్ళను ఖర్చు దండగని తీసేసింది ఎవరండీ?" అన్నాడు మీరా హుస్సేన్.

"ఇవన్నీ నువ్వు నేర్పిన మాటలు" అన్నాడు మేనేజరు.

"భయపడొద్దని నేర్పా. చూసింది ఆయనే."

మేనేజరు కిటికీలోంచి లారీల బారు చూశాడు. బుల్లయ్యను తిరిగి పనిలోకి తీసుకున్నారు. రాళ్ళేరే ఆడవాళ్ళనూ పిలిపించారు. సుబ్బరావమ్మ చావుకు బాధ్యులెవరో మాత్రం మిల్లువారు చెప్పలేదు.

సాయంత్రం గేటు దగ్గర కూలీలు కేకలు వేస్తూ మీరా హుస్సేన్‌ను భుజాలకెత్తుకోబోయారు. అతను వాళ్ళను తోసేశాడు.

"ఏం గెలిచామని? బుల్లయ్య మావ కోసం అందరం కూర్చున్నాం, సరే. ఆ ఆడవాళ్ళను గెంటేసిన రోజున ఎవరం కూర్చున్నాం? రోజుకూలీ వాళ్ళు, మనకెందుకులే అనుకున్నాం. నేనూ తీసెయ్యొద్దని ఒక మాట అనేసి, నా పని నేను చూసుకున్నా. పక్కవాళ్ళ పని పోతుంటే యూనియన్ నోరు మూసుకుంటే, అది యూనియన్ ఎట్టా అవుద్దిరా? ఆనాడు వాళ్ళ పని మనం నిలబెట్టి ఉంటే, సుబ్బరావమ్మ ఇయ్యాల మనతోపాటు ఇంటికెళ్ళేది."