హిల్డా పెద్దమ్మ మంచు

ఎండాకాలం వచ్చిందంటే చాలు, పొద్దున్నే వలలు తీసినవాళ్ళు పట్టిన చేపల్ని నేరుగా హిల్డా పెద్దమ్మ వాకిట్లోకి తెచ్చేవాళ్ళు. ఆవిడ కుర్చీ ఎక్కడ వేసుకుంటే అక్కడ, కాళ్ళ చుట్టూ ఒక మంచం పట్టేంత మేర మంచు పరుచుకుని ఉండేది. చేపల్ని అందులో పూడ్చి, ఆవిడిచ్చిన టీ తాగి, బానక్ రొట్టె తిని, ఊళ్ళోవాళ్ళ మీద నాలుగు చాడీలు చెప్పుకుని పోయేవాళ్ళు. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నవాళ్ళు కూడా అంతే. ఫ్రిజ్ టీ ఇవ్వదు కదా.

ఆవిడ వంటింట్లోకి వెళితే మంచూ వెంట వెళ్ళేది. చర్చికి వెళితే బెంచీ కిందికి చేరేది. అంకెలు పిలుస్తుంటే చీటీలు కొట్టేసే బింగో ఆట హాల్లో మాత్రం నేల ఊడ్చే ముసలాయన చీపురు పట్టుకుని సణిగేవాడు.

"తల్లీ, ఆ కుర్చీ తలుపు దగ్గర వేసుకోరాదా?"

"తలుపు దగ్గర నంబర్లు వినపడి చావవు. ఊడ్చు, నీ పొట్టైనా తగ్గుతుంది" అనేది పెద్దమ్మ.

కెనడాలో ఆ ఊరి సరస్సు ఒడ్డున ఉండే అనిషినాబె ఆదివాసులకి పాత కథల విషయంలో ఒక కట్టుబాటు ఉంది. నేల మీద మంచు ఉన్నప్పుడే వాటిని చెప్పాలి. ఎండాకాలంలో కథలో ఉన్నవాళ్ళంతా మేలుకుని ఉంటారు, తమ గురించి ఎవరేం మాట్లాడినా వింటారు, విని ఊరుకోరు. ఇంకేం చేయకపోయినా పక్కలోకి కప్పల్నైనా తోలుతారు. ఒకసారి మొదలుపెట్టిన కథని మధ్యలో వదిలేయడం కూడా కుదరదు. అందుకని ఊరంతా మొదటి మంచు కోసం కాచుకుని ఉండేది. హిల్డా పెద్దమ్మకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. కాళ్ళు మంచులో పెట్టుకుని జూన్‌లో అయినా హాయిగా చెప్పేది.

ఆ కథలు వింటూ పెరిగింది రోవెనా. తల్లి చిన్నప్పుడే పోతే ఈ పెద్దమ్మే పెంచింది. ఇప్పుడు విన్నిపెగ్ నగరంలో ఉంటూ సినిమాలు తీస్తుంది. సినిమాలంటే పెద్ద హాళ్ళలో ఆడేవి కావు, బడుల్లోనూ లైబ్రరీల్లోనూ వేసేవి. ఆమెకున్న ఆశ ఒక్కటే. సరస్సు అడుగున ఇల్లు కట్టుకుని ఉండిపోయిన తమ్ముణ్ణి తీసుకురావడానికి గడ్డకట్టిన నీళ్ళ మీద నడిచి వెళ్ళిన అక్క కథ ఒకటుంది. దాన్ని తమ భాషలోనే ఆరు భాగాల సీరియల్‌గా తీయాలి. మొదటినుంచి చివరిదాకా ఆ కథ తెలిసినవాళ్ళు పెద్దమ్మా, తనూ, ఇద్దరే మిగిలారు. ఊరి హాల్లో పెద్ద తెర కట్టి, పెద్దమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి ఆ సీరియల్ చూపించాలి. అయితే పెద్దమ్మ గుండె బాగా అలిసిపోయింది. ఇంకో రెండు చలికాలాలు చూస్తే గొప్పేనని నర్సు మొహమాటం లేకుండా చెప్పేసింది. ఆ మాట విన్నప్పటినుంచీ రోవెనాకు స్థిమితం లేదు.

తిరిగిన చానళ్ళకు లెక్క లేదు. ఒక చోట తమ్ముణ్ణి ఎవరో చంపినట్టు మార్చమన్నారు. ఇంకో చోట అక్కకొక ప్రేమికుడుంటే బాగుంటుందన్నారు, వీలైతే పోలీసు. చివరికి ఆదివాసులదే అయిన ఒక చానల్‌లో, కథలు ఎంచే బెర్నిస్ అనే క్రీ తెగ ఆవిడ దాన్ని పట్టుకుంది. చలికాలంలో తప్ప ప్రసారం చేయకూడదన్న షరతుకి మారుమాట లేకుండా ఒప్పుకుంది. వాళ్ళమ్మ ఇంట్లోనూ అదే కట్టుబాటు మరి. చిక్కల్లా ఒక్కటే. ఏ కథకి డబ్బివ్వాలో తేల్చే సమావేశం జూన్‌లో జరుగుతుంది. బడ్జెట్లు వేసేవాళ్ళకు మంచుతో ఏం పని?

"దానికేముంది, నేనే వస్తా. వాళ్ళ గదిలో కూర్చుంటా, నువ్వు చెబుదువు గాని" అంది పెద్దమ్మ. విమానం టికెట్ కూడా కొన్నారు. రోవెనా తీసుకెళ్ళడానికి వచ్చేసరికి పెద్దమ్మ ఊరి ఆసుపత్రిలో, ముక్కులో గొట్టంతో పడుకుని ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. మంచం కింద మంచు కాళ్ళు తుడుచుకునే పట్టా అంత అయిపోయింది. నర్సు దాని మీంచి అలవాటుగా దాటుకుంటూ తిరుగుతోంది.

"నేను వెళ్ళను పెద్దమ్మా. మానేస్తాను."

"మానేసి ఏం చేస్తావే? నా ముక్కులో గొట్టం చూస్తూ కూర్చుంటావా? అందుకు క్లిఫ్ ఉన్నాడుగా. వాడికి వేరే పనేముంది?"

మూల కుర్చీలో ఉన్న కొడుకు క్లిఫ్ తలెత్తాడు. "పని ఉందమ్మా. నువ్వే చేయనివ్వడం లేదు."

"పోనీ నువ్వే ఫోన్లో చెప్పు, వాళ్ళు వింటారు" అంది రోవెనా.

"వినేవాళ్ళ కాళ్ళ కింద లేని మంచు ఎందుకే? ఫోన్లో పంపుతానా దాన్ని?" పెద్దమ్మకు నవ్వబోతే దగ్గొచ్చింది. తగ్గేదాకా రోవెనా ఆవిడ వీపు నిమిరింది. ఎముకలు చేతికి తగులుతుంటే భయం వేసింది.

"అక్క సరస్సు మీద అడుగు పెట్టిందీ అనేదాకా చెప్పు. అంతవరకూ కబురే, కథ కాదు. చివర్న ఏమైందని అడుగుతారు, చూడు. డబ్బిచ్చేవాళ్ళకి ఎప్పుడూ చివరిదే కావాలి."

"చెప్పను."

"నాకు తెలుసు చెప్పవని. అక్క వేషానికి మాత్రం నడవడం వచ్చిన పిల్లని పెట్టు. ఇప్పటి పిల్లలు మంచు మీద బాతుల్లా నడుస్తున్నారు, నేను చూడలేను."

చూడలేను అన్న మాట రోవెనా గుండెల్లో గుచ్చుకుంది. పెద్దమ్మ నుదుటి మీద ముద్దు పెట్టి, క్లిఫ్‌కి పదే పదే జాగ్రత్తలు చెప్పి విమానం ఎక్కింది.

మర్నాడు సమావేశం. నాలుగో అంతస్తులో గది, నేలంతా బూడిదరంగు తివాచీ. బల్లకి అవతల బెర్నిస్, ఆమె పక్కన డబ్బు వ్యవహారాలు చూసే కార్ల్. రోవెనా ఊరి గురించి చెప్పింది, సరస్సు గురించి చెప్పింది, అక్క గడ్డకట్టిన నీళ్ళ మీద అడుగు పెట్టేదాకా వచ్చి ఆగింది. కార్ల్ కాగితాలు తిరగేశాడు.

"బాగుందండీ. మా దగ్గరున్న కాపీలో చివరి పేజీ ప్రింట్ అయినట్టు లేదు. 'ముగింపు' అని రాసి, కింద 'మంచు పడ్డాక చెబుతాం' అని మాత్రమే ఉంది."

"అది అంతేనండీ. ప్రింట్ సరిగ్గానే వచ్చింది."

బెర్నిస్ తల దించుకుంది. కార్ల్ చెడ్డవాడేం కాదు. ఇబ్బందిగా కళ్ళజోడు సర్దుకున్నాడు. "పోయినసారి ఇలాగే ముగింపు తర్వాత చెబుతామన్న సీరియల్‌కి ఒప్పుకున్నామండీ. సగం తీశాక తేలింది, రాసినాయనకే తెలియదని. ఈసారి చివరిదాకా వినకుండా సంతకం పెట్టొద్దని బోర్డు గట్టిగా చెప్పింది. ఒక్క ఐదు నిమిషాల్లో చెప్పేయండి. ఈ గది దాటదు."

నిజమే, గది దాటదు. కప్పలు నాలుగో అంతస్తు ఎక్కి రావు. ఇప్పుడు చెప్పేస్తే వచ్చే శీతాకాలానికల్లా సీరియల్ తయారవుతుంది, పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. చెప్పకపోతే కూర్చోదు. ఆవిడ కోసం చేస్తున్న పనికి ఆవిడ మాటే తప్పాలి. రోవెనా కార్ల్ వైపు తిరిగింది.

"ముగింపు నాకు తెలుసండీ. చెప్పను. ఈ నేల మీద మంచు లేదు."

కార్ల్ బెర్నిస్ వైపు చూశాడు. బెర్నిస్ ఫైలు మూసింది.

"చెల్లీ, నేను బోర్డుతో ఎంత కొట్లాడానో నీకు తెలీదు. వచ్చే ఏడాది మంచు ఉండగానే నిన్ను పిలిచేలా చూస్తాను. రా."

"వచ్చే ఏడాదికి ఆవిడ ఉండదక్కా" అంది రోవెనా. ఏడుపు వాళ్ళ కంట పడకుండా గబగబా కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

చీలమండలకు చల్లగా తగిలింది.

వంగి చూసింది. తన కుర్చీ చుట్టూ మంచు. తెల్లగా, పొడిపొడిగా, బల్ల కిందినుంచి పాకుతూ ఒక మంచం పట్టేంత అయింది. కార్ల్ కింద పెట్టుకున్న సంచీ తీసి, అడుగు దులిపి, బల్ల మీద పెట్టుకున్నాడు. బెర్నిస్ మొహం వెలిగిపోయింది.

"ఇప్పుడుందిగా. చెప్పు చెల్లీ."

రోవెనాకూ ముందు సంతోషమే కలిగింది. ఒక్క క్షణం. ఆ మంచు ఏనాడూ ఇద్దరి దగ్గర ఉండలేదు. పెద్దమ్మకు అది వాళ్ళ అమ్మమ్మ నుంచి వచ్చింది. అప్పుడు పెద్దమ్మ ఎక్కడో దూరపు ఊళ్ళో, హోటల్లో దుప్పట్లు మడత పెట్టే పనిలో ఉందట. కాళ్ళ దగ్గర మంచు చూసి, అమ్మమ్మ పోయిందని అర్థమై, మిగిలిన దుప్పట్లన్నీ మడత పెట్టి మరీ ఇంటికి బయల్దేరిందట. ఎందుకలా చేశావని రోవెనా చిన్నప్పుడు అడిగితే, కబురింకా నా దాకా రాలేదు కదే, అంది.

లేచి పరిగెత్తి విమానం ఎక్కాలనిపించింది. ఎక్కి మాత్రం ఎవరి దగ్గరికి? రోవెనా బూట్లు విప్పి, పాదాలు రెండూ మంచులో పెట్టి, మొదటి వాక్యం తమ భాషలో చెప్పి, మిగతాది వాళ్ళకు తెలిసేలా ఇంగ్లీషులో అందుకుంది.

బల్ల మీద ఫోన్ అదిరింది. క్లిఫ్ పేరు. మొదలుపెట్టిన కథని ఆపకూడదు. రోవెనా ఫోన్ బోర్లించి చెప్పుకుంటూ పోయింది. అక్క ఎంత దూరం నడిచిందో, కాళ్ళ కింద నీళ్ళు ఏమని మూలిగాయో, దారిలో ఎవరెవరు అడ్డం వచ్చారో అన్నీ చెప్పింది. పెద్దమ్మ అలిసిపోయిన రోజుల్లో దాటేసే ముక్కలు కూడా వదలకుండా చెప్పింది. కథ అయ్యేదాకా ఆ కబురు బయటే నిలబడాలి. అందుకని కథ అవకూడదని కూడా కోరుకుంది. ఫోన్ ఆగి మళ్ళీ అదిరింది, మళ్ళీ ఆగింది. మంచుగడ్డ కింద తమ్ముడి ఇంటి దీపం కనపడే చోట కళ్ళు తుడుచుకుని చెప్పింది. ఎవరూ గడియారం చూడలేదు.

చివరికి వచ్చింది. చెప్పింది. అయిపోయింది.

కార్ల్ కళ్ళజోడు తీసి చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. "తీసుకుంటున్నాం" అంది బెర్నిస్ మెల్లగా. రోవెనాకు ఆ మాట వినపడింది గానీ ఎక్కడా తగల్లేదు. ఫోన్ మళ్ళీ అదిరింది. ఈసారి ఎత్తింది.

"అక్కా..." అన్నాడు క్లిఫ్. "అక్కా, అమ్మ..."

"తెలుసురా" అంది రోవెనా. "నా కాళ్ళు చల్లగా ఉన్నాయి."