ఆరువందల గ్రాముల పంతం

సూదమ్మ అన్న పేరు ఆమెకు ఆసుపత్రిలో వచ్చింది. ల్యాబులో రక్తం తీయడం ఆమె పని. ఎంత దొరకని నరమైనా ఆమె వేలికి దొరుకుతుందనీ, సూది దిగినట్టే తెలియదనీ రోగులు మెచ్చుకుని పెట్టిన పేరది. ఇంట్లో మాత్రం ఆ వేళ్ళకు ఇంకో కొలువు ఉంది. ప్రతి శనివారం సాయంత్రం ఆరువందల గ్రాముల చీజు దిమ్మను తురమాలి.

ఈ తంతు మొదలుపెట్టింది తనే, ఎవరినీ అనడానికి లేదు. రెండేళ్ళ కిందట ఒక శనివారం సరదాగా పిజ్జా చేసింది. అందరూ లొట్టలు వేసుకుంటూ తిన్నారు. అంతే, సరదా కాస్తా డ్యూటీ అయి కూర్చుంది. నాలుగింటికి ఆసుపత్రి నుంచి వచ్చి, పిండి కలిపి, ఉల్లిపాయలు కోసి, చీజు తురిమేసరికి ఆరు దాటుతుంది. దిమ్మ చివరికొచ్చేసరికి తురుముపీట వేలి కణుపులను కూడా వదలదు. సోమవారం ల్యాబులో శానిటైజర్ పడగానే ఆ గీతలన్నీ చుర్రుమంటాయి.

అందుకే కాదు గానీ, ఈ మధ్య ఆమె తురిమి అమ్మే చీజు ప్యాకెట్ కొనడం మొదలుపెట్టింది. అసలు కారణం ఈత. నవ్వుతారని ఇంట్లో చెప్పలేదు. వీధి చివరి ఈతకొలనులో ఆడవాళ్ళ క్లాసు శనివారం ఐదున్నరకు. నీళ్ళంటే చిన్నప్పటి నుంచీ హడలిపోయే మనిషి, నలభై రెండేళ్ళ వయసులో, మూడో వారం గోడ వదిలేసి వెల్లకిలా తేలింది. "ఏమీ చెయ్యకండి, ఊరికే ఉండండి, నీళ్ళే మోస్తాయి" అంది ఈత నేర్పే అమ్మాయి. ఊరికే ఉండమని తనతో ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో సూదమ్మకు గుర్తు రాలేదు. చెవుల్లో నీళ్ళు, కళ్ళలో నీళ్ళు. అంత సంతోషం ఆమె ఈమధ్య కాలంలో ఎరగదు.

ప్యాకెట్ గుట్టు చెత్తబుట్టలో రట్టయింది. అత్తగారు ఖాళీ కవరును చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని భోజనాల బల్ల దగ్గరికి తెచ్చారు.

"అమ్మాయ్, ఇదా నువ్వు మాకు పెడుతున్నది? అందుకే చీజు సాగట్లేదు!"

భర్త వెంటనే ఫోన్ తీశాడు. ఆయన సిటీ బస్సులకు టైమ్‌టేబుళ్ళు వేసే ఆఫీసులో పని చేస్తాడు. ఇంట్లో కూడా ఏడింటికి పిజ్జా అంటే ఏడింటికే. "తురుము అంటుకుపోకుండా పిండి కలుపుతారట. అందుకే సరిగ్గా కరగదట. దిమ్మ కొని అప్పటికప్పుడు తురుముకోవాలట" అని చదివి వినిపించాడు. తురుముకోవాలట అన్నప్పుడు ఆయన చూపు పెళ్ళాం మీదే ఉంది.

"పోనీ వదినా, రెండూ చేసి పరీక్ష పెట్టండి" అన్నాడు మరిది. శనివారం శనివారం ఠంచనుగా వచ్చి తినిపోవడం తప్ప ఈ పిజ్జాతో అతనికి వేరే సంబంధం లేదు.

సరే, పరీక్షే కానివ్వమంది సూదమ్మ. ఆ శనివారం ఈత మానేసింది. వరసగా రెండు వారాలు రాకపోతే మీ చోటు వేరే వాళ్ళకిచ్చేస్తామని క్లాసులో ముందే చెప్పారు. ఆ మాట మనసులో మెదులుతుండగా దిమ్మంతా తురిమింది.

రెండు పిజ్జాలు. అందరూ తిన్నారు. అందరూ చేత్తో తురిమినదానికే ఓటు వేశారు, పద్నాలుగేళ్ళ కూతురితో సహా.

"ఇప్పుడేమంటావ్?" అన్నాడు భర్త, కేసు గెలిచినవాడిలా.

"తురిమిందే బావుంది. సందేహమే లేదు" అంది సూదమ్మ.

"మరింకేం!"

"వచ్చే వారం ప్యాకెట్టే."

అత్తగారు నోరు వెళ్ళబెట్టారు. "బావుందని ఒప్పుకుని కూడానా?"

"ఒప్పుకునే చెబుతున్నానత్తయ్యా. ఆ గంటలో నేను ఈతకెళ్తున్నాను."

"ఈతా? ఈ వయసులోనా?" మరిది పకపకా నవ్వాడు.

"ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినేదాని కంటే నీళ్ళలో దూకడం ఎక్కువైందా నీకు?" అన్నాడు భర్త.

"ఆ ఒక్క గంటా ఎక్కువే. తురిమిందే కావాలంటే తురుముపీట ఎక్కడుంటుందో అందరికీ తెలుసు."

మరుసటి శనివారం పిండి, సాస్, కోసిన కూరగాయలు సిద్ధం చేసి, ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టి, ఆమె వెళ్ళిపోయింది. ఆ రోజు గోడ ముట్టకుండా కొలను అడ్డంగా దాటింది. దాటి, అవతలి గట్టు పట్టుకుని, చిన్నపిల్లలా కేక వేసింది.

తడి జుట్టుతో ఇల్లు చేరేసరికి ఏడుకు పావుగంట తక్కువ. వంటింటి బల్ల చుట్టూ నలుగురూ కూర్చుని ఉన్నారు. మధ్యలో కొత్త చీజు దిమ్మ, పక్కన తురుముపీట.

"ప్యాకెట్ వాపసు ఇచ్చేసి దిమ్మ తెచ్చాను" అన్నాడు భర్త. "ఇంకా పావుగంట ఉంది. మొదలుపెట్టు."

సూదమ్మకు ఒళ్ళు మండిపోయింది. అయినా పాడు అలవాటు, చెయ్యి దానంతటదే తురుముపీట వైపు వెళ్ళింది. పిండి, ఓవెన్, అంతా చేతికందేటట్టే ఉంది. వీళ్ళు ఇంతసేపు కూర్చున్నారు, తురుముపీట ముట్టుకున్న వాళ్ళు ఒక్కరూ లేరు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఓవెన్ వెలిగించింది. ఒక్కరికి సరిపడా పిండి తీసి ఒత్తింది. సాస్ రాసింది, ఉల్లిపాయలు చల్లింది, చీజు జోలికి పోకుండా లోపల పెట్టింది. కాలాక బయటికి తీసి నాలుగు ముక్కలు కోసి, నాలుగూ తన పళ్ళెంలోనే వేసుకుని, వాళ్ళ మధ్యే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరి మాకో?" అన్నాడు భర్త.

"పిండి ఉంది. ఓవెన్ వేడిగా ఉంది. దిమ్మ మీరే తెచ్చారు. చేతులు ఎనిమిదున్నాయి."

అత్తగారు కొడుకు వైపు చూశారు. కొడుకు గడియారం వైపు చూశాడు. ఏడు దాటి ఐదు నిమిషాలు.

"చీజు లేకుండా ఎలా ఉందమ్మా?" అంది కూతురు మెల్లగా.

"చప్పగా ఉంది" అంటూ సూదమ్మ రెండో ముక్క అందుకుంది. "చాలా చప్పగా ఉంది. వచ్చే శనివారం కూడా ఇదే తింటాను."