రాళ్లగుట్ట బస్తీని కొలిచిన గొలుసు

నేను ఒక సర్వే గొలుసును. హైదరాబాదులోని ఓ కార్ఖానాలో ఇనుప తీగను కాల్చి, వంచి, కడియాలతో కలిపి నన్ను తయారు చేశారు. మొదట్లో పొలాల గట్లు కొలిచాను. నన్ను నేలమీద పరచగానే అన్నదమ్ములు గొడ్డళ్లు అందుకునేవారు. హద్దు చూపేది నేను, నరుక్కునేది వాళ్లు.

తర్వాత సర్వేయర్ సదానందం చేతికి వచ్చాను. నగరం ఎటువైపు ఎంత పెరిగిందో, ఎక్కడ జనం ఎంత కిక్కిరిసి ఉన్నారో తేల్చడం అతని పని. పాత పటంలో చెరువులున్న చోట వీధులు కనిపించేవి. అలా తిరుగుతూ నగరం అంచున రాళ్లగుట్టకు చేరాం. పటంలో అది ఖాళీ బంజరు. అక్కడ చూస్తే, రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పోచవ్వ అనే ఆమె వచ్చి నా రెండో కొస పట్టుకుంది. లెక్కలోకి ఎక్కితే గుడిసెలు పీకరని ఆమె ఆశ.

అంతలో ఆ భూమిమీద కన్నేసిన వ్యాపారి మనుషులు జీపులో దిగారు. వాళ్ల నాయకుడు నర్సింగ్, బస్తీ లేనట్టే రాసుకుని వెళ్లిపొమ్మన్నాడు.

"ఈడ మనుషులు బతుకుతున్నరు. లేరని ఎట్ల రాయాలె?" అన్నాడు సదానందం.

నర్సింగ్ నన్ను లాక్కుని, మడిచి, అతన్ని కొట్టాడు. మోచేయి విరిగింది. నుదురు పగిలి నా కడియాల్లో జుట్టు చిక్కుకుంది. మిగతావాళ్లు గుడిసెలకు నిప్పు పెట్టారు. అడ్డం వెళ్లిన పోచవ్వ భర్త మల్లేశును గడ్డపారతో పొడిచారు. అతను అక్కడే ప్రాణం విడిచాడు.

పోచవ్వ ఏడవలేదు. మిగతావాళ్లు మంటల అవతల ఉండగా, నేలమీద పడిన నన్ను తీసుకుని, వెనకనుంచి నర్సింగ్ మెడకు చుట్టి, వీపున మోకాలు ఆనించి లాగింది. ఆమె అరచేతులు కోసుకుపోయాయి. అతని గొంతు గిలగిలా కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"ఇడిచిపెట్టు పోచవ్వా, జైలుకు పోతవ్," అన్నాడు సదానందం, పడినచోటి నుంచే.

"పోనీ సారూ. ఆడనన్న నన్ను లెక్కవెడ్తరు."

ఆమె వదల్లేదు. నర్సింగ్ కాళ్లు కదలడం ఆగిపోయాకే నేను వదులయ్యాను.

సదానందం విరిగిన చేతితో కోర్టుకు వచ్చి జరిగిందంతా చెప్పాడు. పోచవ్వకు ఉరి తప్పింది, జైలు తప్పలేదు. మల్లేశును పొడిచినవాడు మాత్రం దొరకలేదు. సాక్ష్యంగా వచ్చిన నేను కోర్టు సామాను గదిలోనే ఉండిపోయాను. రాళ్లగుట్టమీద ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయని, నగరంలో అంత ఇరుకు ఇంకెక్కడా లేదని గుమాస్తాలు మాట్లాడుకుంటున్నారు.

రేపు నన్ను తుక్కు కింద అమ్మేస్తారట. నా కడియాల సందుల్లో నెత్తురు తుప్పులో కలిసిపోయింది. అందులో సదానందానిదేదో, నర్సింగ్‌దేదో, పోచవ్వదేదో నాకే తెలియడం లేదు.