పదో తరగతికి దారి చూపిన రోజు

పదో తరగతి పిల్లలకు పైచదువుల గురించి సలహాలిచ్చే కార్యక్రమం పెట్టమని రేణిగుంట దగ్గరి హైస్కూలుకు ఉత్తరం వచ్చింది. హెడ్మాస్టరు మునిరామయ్య వారం రోజులు దండలకూ, ఫోటోకూ ప్లాను వేశాడు.

"పిల్లోళ్లు ఏం అడగాలనుకుంటా ఉండారో కనుక్కుందామా సార్?" అంది సైన్సు టీచరు పంకజాక్షి.

"వాళ్లకేం తెలుసమ్మా అడిగేదానికి!"

కార్యక్రమం రోజు మునిరామయ్య గంటన్నరసేపు తన గొప్పలే చెప్పుకున్నాడు. చివర్లో మునిలక్ష్మి అనే అమ్మాయి లేచింది.

"సార్, శ్రీహరికోటలో రాకెట్ల పనికి ఏం సదవాల?"

ఆయనకు తెలీదు. తెలీదనడానికి నోరు రాలేదు. "నీకెందుకే రాకెట్లు? కుట్టుమిషను నేర్సుకో" అన్నాడు.

మర్నాడు "కార్యక్రమం దిగ్విజయం" అన్న రిపోర్టు పంకజాక్షి దగ్గరికి సంతకానికి వచ్చింది. ఆమె సంతకం పెట్టకుండా దాన్ని హెడ్మాస్టరు బల్లమీదికే తోసేసింది.

"ఒక్క పిల్ల అడిగింది సార్. మీరు దానికీ పనికిరాలేదు."

తర్వాత మునిలక్ష్మిని పిలిచి, ఇంటర్లో లెక్కలు, ఫిజిక్సు తీసుకొమ్మని చెప్పింది.