గంట కొట్టని మిషన్

అది తొంభై రెండో సంవత్సరం. పటాన్‌చెరు బస్టాండు ఎదురుగా మేడ మీద ఏళ్ల తరబడి టైపు నేర్పుతున్న లీలమ్మకు పొద్దుటి నుంచీ కాలు ఒక్కచోట నిలవలేదు. నిన్ననే సికింద్రాబాదు నుంచి మడిచే రకం కంప్యూటర్ తెచ్చింది. మడిస్తే సూట్‌కేసంత, ఎత్తితే బియ్యం మూటంత. పది టైపు మిషన్లలో నాలుగు అమ్మి, దాచుకున్నదంతా కలిపి కొన్నది. కొనకపోతే ఏం చేస్తుంది? ఫ్యాక్టరీ ఆఫీసులన్నీ కంప్యూటర్లు పెడుతున్నాయని, మిగిలిన ఐదుగురు అమ్మాయిలూ ఒకటో తారీఖు నుంచి సంగారెడ్డిలో కంప్యూటర్ సెంటరుకు పోతామన్నారు. వాళ్లూ పోతే ఇనిస్టిట్యూట్‌కు తాళమే. "రేపు ఐదింటికి రండ్రి, కంప్యూటర్ నేనే నేర్పుత" అని గొప్పకు పోయి చెప్పేసింది.

నేర్పాలంటే ముందు తనకు మచ్చిక కావద్దూ! అక్షరాలు పాతచోటే ఉన్నాయి, అంతవరకు ధైర్యమే. కానీ ఇదేం మిషనమ్మా, కొడితే చప్పుడే లేదు! వీధి వైపు తిరిగి నిలబడి, చప్పుడు విని ఏ అమ్మాయి వేలు తప్పిందో చెప్పే మనిషి ఆమె. దీనికి కాగితం లేదు, వరుస చివర గంట లేదు. మాటలు వాటంతటవే కింది వరుసలోకి దిగిపోతుంటే ఆమెకు ఒళ్లు మండింది. మెల్లగా రెండు వరుసలు కొట్టడం, కిటికీ దాకా పోవడం, గడియారం చూడటం, మళ్లీ వచ్చి కూర్చోవడం. మధ్యాహ్నం అన్నం కూడా సయించలేదు.

ఐదింటికి అమ్మాయిలు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. వాళ్లు చూస్తున్నారని లీలమ్మ వేగం అందుకుంది. వరుస చివరికి రాగానే ఆమె ఎడమచెయ్యి తనంతట తానే లేచి, టైపు మిషనులో వరుస మార్చే పిడిని నెట్టినట్టు, తెర అంచును ఫట్టున కొట్టింది. కంప్యూటర్ బల్ల అంచుకు జారింది. లీలమ్మ రెండు చేతులా పొదివి పట్టుకుంది. తెర ఆరలేదని చూసుకున్నాకే ఊపిరి తీసుకుంది.

వాళ్లలో ముత్యమ్మ కిసుక్కున నవ్వింది. మిగతావాళ్లూ అందుకున్నారు. అయిపోయింది, రేపటి నుంచి ఒక్కతీ రాదు అనుకుంది లీలమ్మ. సిగ్గు కాస్తా కోపమైంది.

"ఏందే నవ్వుతున్నవ్? గంత అల్కగుంటే నువ్వే కూసోని కొట్టు!"

ముత్యమ్మ కూర్చుని గబగబా కొట్టింది. వరుస చివర ఆమె ఎడమచెయ్యీ లేచింది. ఫట్!

"నేను గాదు మేడం, అదే లేసింది!"

లక్డారం ఊరి నుంచి వచ్చే సాయమ్మ కూర్చుంది. ఆమె చెయ్యీ అంతే. మూడో అమ్మాయి తన చేతినే చూసుకుంటూ కొట్టింది, అయినా లేచింది. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

లీలమ్మకు అర్థమైంది. ఆ చెయ్యి అలా లేవాలని మణికట్టు మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పింది తనే. ఇంత బాగా నేర్పానా అని గర్వం, దీన్నిప్పుడు ఎట్లా మాన్పించాలి దేవుడా అని భయం, రెండూ ఒక్కసారే వచ్చాయి.

"సెంటర్ల మా చేతులు జూసి అందరు నవ్వుతరు మేడం," అంది సాయమ్మ బిక్కమొహంతో.

లీలమ్మ ఆమెను మళ్లీ కూర్చోబెట్టి, ఎడమ మణికట్టును బల్లకేసి అదిమి పట్టుకుంది. "కొట్టు."

వరుస చివర ఆ చెయ్యి గుంజింది. లీలమ్మ వదల్లేదు. మరో వరుస, మరోటి. ఆరో వరుసకు గుంజడం ఆగింది.

"ఇగ నువ్వు లెవ్వు." లీలమ్మ ఆ కుర్చీలో కూర్చుని చెయ్యి బల్ల మీద పెట్టింది. "నాది నువ్వు పట్టుకో బిడ్డా. గట్టిగ పట్టు. ముసలి చెయ్యి, జల్దీ ఇనదు."

సాయమ్మ రెండు చేతులతో పట్టుకుంది.