మూడో తలుపు దగ్గరి మనిషి

టొరంటో తూర్పు శివార్లలోని ఆ చిన్న స్టేషన్లో రోజూ రైలెక్కేవాళ్లు ఎవరి చోట్లో వాళ్లే నిలబడతారు. తలుపులు ఎప్పుడూ ఒకే చోట ఆగుతాయి మరి. మార్లీన్‌ది మూడో తలుపు. పదకొండేళ్లుగా ఆమె పక్కన నిలబడే పెద్దమనిషిదీ అదే. చలి గురించో, రైలు ఆలస్యం గురించో రెండు ముక్కలు మాట్లాడుకునేవారు. పేర్లు అడగడం అక్కడి పద్ధతి కాదు.

జనవరిలో ఆ స్టేషన్‌కి కొత్తగా ఎక్స్‌ప్రెస్ రైలు వేశారు. పావుగంట ముందే ఊళ్లో దింపేస్తుంది. ఆ రోజు నుంచే ఆయన కనబడలేదు.

"పావుగంట కోసం చెప్పాపెట్టకుండా పోయాడు మహానుభావుడు" అని మార్లీన్ మూడు నెలలు తిట్టుకుంది. ఆ పంతంతోనే తను మాత్రం పాత రైలే ఎక్కుతూ వచ్చింది.

ఏప్రిల్‌లో ఒక ఉదయం ఆయన చోట్లో ఒక ముసలావిడ వచ్చి నిలబడింది.

"ఎర్ర మఫ్లరు ఆవిడ మీరేనా అమ్మా?"

"నేనేనండీ. ఏం కావాలి?"

"మా ఆయన రోజూ మీ పక్కనే నిలబడేవాడు. కొత్త బండి వచ్చే ముందురోజు గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో రెండు రోజులే బతికాడు. 'నేను ఎక్స్‌ప్రెస్‌కి మారిపోయాననుకుంటుంది, కాదని చెప్పు' అని ఒకటే గోల. ఇన్నాళ్లూ ఇటు రావడానికి నాకు కాళ్లాడలేదు. ఏమీ అనుకోవద్దు."

రైలొచ్చింది. మూడో తలుపు సరిగ్గా వాళ్ల ముందే తెరుచుకుంది. మార్లీన్ ఎక్కలేదు.

"ఆయన పేరేమిటండీ?" అని అడిగింది.