కమానుకు నువ్వుల నూనె

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నా వెనక స్కూలంతా అంటుంది, నా ఎదుట మా ఆయన ఒక్కడే అంటాడు. కానీ సంగీతం టీచరుగా మా స్కూలు పిల్లల్ని పోటీకి తీసుకెళ్లిన ఆ రోజు, సాకేత్‌లో ఆడిటోరియం వెనక గదిలో శరణ్య చెల్లో పెట్టె తెరిచినప్పుడు, నా స్థానంలో ఎంత శాంతమూర్తి ఉన్నా అరిచి ఉండేది.

పెట్టె మూత లేవగానే గుప్పున నువ్వుల నూనె వాసన కొట్టింది. చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దక్క. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు. ఆ పెద్దక్క ఒళ్లంతా పసుపు, కుంకుమ బొట్లు, తలంటు పోసుకున్న పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది. పక్కనే దాన్ని వాయించే కమాను. దాని వెంట్రుకల్ని వేలితో తాకి చూశాను. వేలికి జిడ్డు అంటింది.

"ఎవరే ఈ పని చేసింది?"

శరణ్య తొమ్మిదో తరగతి పిల్ల, మామూలుగానే నోట్లోంచి మాట ఊడిపడదు. దాని వెనకనుంచి వాళ్ల నాయనమ్మ హనుమాయమ్మగారు ముందుకొచ్చారు. దసరాకని తెనాలి నుంచి ఘాజియాబాద్‌లో ఉన్న కొడుకింటికి వచ్చిన మనిషి.

"నేనేనమ్మా. నిన్న అష్టమి కదా, పిల్ల పుస్తకాలతోపాటు దీన్నీ పూజలో పెట్టా. దుమ్ము పట్టి ఉంటే నూనెగుడ్డతో తుడిచా. ఆ కర్రకున్న జుట్టేమో ఎండుగడ్డల్లే ఉంది, తెల్లగా పొడి రాలతా ఉంది. దానికి ఇంకో రెండు చుక్కలు ఎక్కువే రాశా."

"ఎక్కువే రాశారా! అయ్యో రామ, ఆ పొడే కదండీ దీనికి ప్రాణం! ఆ పొడి అంటుకుంటేనే వెంట్రుక తీగని పట్టుకుని లాగుతుంది, అప్పుడు పలుకుతుంది. నూనె రాస్తే జారిపోతుంది. ఇప్పుడిది మూగది. తెలుసా మీకు? మూగది!"

పెద్దావిడ మొహం చిన్నబోయింది. "దశమి దాకా కదపకూడదమ్మా అసలు. పిల్ల ఏడుస్తుంటే చూడలేక అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, అక్షింతలేసి, నేనే కదిపి ఇచ్చా," అన్నారు నెమ్మదిగా.

నాకు ఇంకా మండింది. ఎందుకంటే ఆవిడని తిట్టడానికి కూడా లేదు. నేను విజయనగరం దాన్ని. నా వయొలిన్‌ని నేనూ ఏటా పూజలో పెడతాను. కాకపోతే పెట్టెకి బొట్టు పెట్టి ఊరుకుంటాను. నవమి నాడు పోటీ పెట్టిన మహానుభావులకు ఇవేం తెలుస్తాయి? వాళ్లకి దసరా అంటే రావణుణ్ణి కాల్చడమే. పూజలో ఉంది కాబట్టి శరణ్య నిన్నటి నుంచి చెల్లోని ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే నిన్ననే తెలిసేది.

ఇదొక్కటే అయితే పోనీలే అనుకుందును. ఆ పిల్లకిది ఆఖరి అవకాశం. మా వైస్ ప్రిన్సిపల్ భాటియా సార్‌కి మొదటినుంచీ చెల్లో అంటే గిట్టదు. "ఛాయా మేడమ్, కీబోర్డులో ఒక బటన్ నొక్కితే ఇదే ఆవాజ్ వస్తుంది కదా, ఇంత పెద్ద డబ్బా ఎందుకు?" అంటాడు. పంద్రాగస్టు ఫంక్షన్‌లో శరణ్య ఒంటరిగా వాయించే చోట మొదటి స్వరానికే చెయ్యి వణికింది. నేను చెయ్యెత్తి వయొలిన్లకి సైగ చేసి ఆ వణుకుని కప్పేశాను. అంతే, ఆయన పట్టుకున్నాడు. ఈ పోటీలో పిల్ల సోలో నిలబడితే సరే, లేకపోతే చెల్లో స్టోర్ రూమ్‌కి, శరణ్య కోరస్‌కి. మధ్యేమార్గంగా ఆయనే ఇంకో ఏర్పాటు చేశాడు. మామూలుగా డ్రమ్స్ వాయించే వరుణ్‌ని స్టేజీ మీద కీబోర్డు ముందు కూర్చోబెట్టాలి. శరణ్య తడబడిందంటే నేను ఎడమ చెయ్యి ఎత్తాలి, వాడు చెల్లో బటన్ మీద ఆ పాట అందుకోవాలి. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక చస్తానా.

మాకు ముందు ఇంకో రెండు స్కూళ్లే ఉన్నాయి. కమాను అడిగి తెచ్చుకుందామంటే, పొద్దున చెల్లో తెచ్చిన స్కూలు వాళ్లు వాయించేసి బస్సెక్కి వెళ్లిపోయారు. వయొలిన్ కమానుతో ఈ లావు తీగల్ని రాస్తే మూలుగు తప్ప ఏమీ రాదు, పైగా మా పిల్లల కమానులు వాళ్లకే కావాలి.

"వరుణ్! బస్సులో ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉంటుంది, స్పిరిట్ సీసా పట్రా. పరిగెత్తు!"

వాడు పరిగెత్తాడు. జిడ్డు స్పిరిట్‌కి పోతుంది, ఆ సంగతి నాకు తెలుసు. తెలియందల్లా ఆ సీసాలో ఎంత ఉంటుందన్నదే. చూస్తే అడుగున కాసింత. ముందు తీగలు తుడిచాను. మిగిలింది దూదికి అద్ది, చెయ్యి పట్టుకునే వైపు నుంచి వెంట్రుకల్ని తుడుచుకుంటూ వచ్చాను. మూడో వంతు దాటకుండానే సీసా ఖాళీ అయింది. హనుమాయమ్మగారు ఏమీ అడక్కుండా తన కొత్త చీర కొంగుతో మిగతాది ఒత్తుతున్నారు. డ్యాన్స్ పిల్లల దగ్గర హెయిర్ డ్రయర్ ఇప్పించుకుని శరణ్య ఆరబెట్టింది. ఆరిన మేరకి ఆ తెల్లపొడి అంటేలా రోజిన్ ముద్ద రుద్దాను, అరచెయ్యి మంట పుట్టేదాకా.

"ఇక్కడినుంచి ఇక్కడిదాకే పలుకుతుంది," అని చూపించాను. జానెడుంది. "తక్కినదంతా జారుడే. ఎన్నిసార్లు చెప్పానో పూర్తి కమాను లాగమని, ఇవాళ మాత్రం లాగకు. అర్థమైందా?"

"జీ మేడమ్."

"భయంగా ఉందా?"

అది నా వంక చూసింది. "మీకు?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే మైకులో మా స్కూలు పేరు పిలుస్తున్నారు.

స్టేజీ ఎక్కాం. వయొలిన్లు, ఫ్లూట్లు, క్లారినెట్లు ఎవరి కుర్చీల్లో వాళ్లు సర్దుకున్నారు. శరణ్య కుర్చీ కుడివైపు చివర, వరుణ్ కీబోర్డు దాని వెనకే. చెల్లో కింద ఇనప ముల్లుంటుంది, దాన్ని నేలకి ఆనించడానికి శరణ్య వంగింది. ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపే వంగింది. తల తిరిగిందేమో అనుకున్నాను. లేచి కూర్చుని, కమాను పట్టుకుని, సిద్ధమేనన్నట్టు తలూపింది. ముందు వరసలో జడ్జీల పక్కన భాటియా సార్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

హంసధ్వనిలో నేనే కట్టిన ముక్క అది. వయొలిన్లు ఎత్తుకున్నాయి, ఫ్లూట్లు కలిశాయి. పిల్లలు బాగా వాయిస్తున్నారు. నా ప్రాణం మాత్రం అక్కడ లేదు, శరణ్య సోలో వచ్చే చోట ఉంది. వచ్చింది. అందరూ ఆగారు. హాలు నిశ్శబ్దమైంది. శరణ్య కమాను లాగింది.

శబ్దం రాలేదు.

ఏడాదిగా నేను బుర్రలోకి ఎక్కించిన అలవాటు, పూర్తి కమాను లాగాలని కొస నుంచి మొదలుపెట్టింది. అక్కడంతా నూనె. కమాను తీగ మీద నీళ్లలో చేపలా జారిపోయింది. ముందు వరసలో భాటియా సార్ కాలు దించాడు.

నా ఎడమ చెయ్యి లేచింది. నేను ఎత్తలేదు, అదే లేచింది అని చెప్పుకోవచ్చు. కానీ అబద్ధం ఎందుకు, నేనే ఎత్తాను.

వరుణ్ వేళ్లు కీబోర్డు మీద పడటం కళ్లారా చూశాను. ఏమీ మోగలేదు. ఇంకోసారి నొక్కాడు. మోగలేదు. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. హాల్లో ఎవరో దగ్గారు.

శరణ్య నా వైపు చూడనేలేదు. కమానుని తీగ మీదనుంచి ఎత్తి, చెయ్యి దగ్గర ఆ జానెడు చోట ఆనించి, లాగింది. గరగరమని ఒక స్వరం. బొంగురుగా, నిద్రలేచిన గొంతులా. ఆ వెంటనే ఇంకొకటి. నేను నిడుపుగా రాసిన స్వరాల్ని ముక్కలు ముక్కలు చేసి, ఆ జానెడులోనే ముందుకీ వెనక్కీ కోస్తూ పలికించింది. నేను నేర్పింది కాదది. సాగాల్సిన చోట దమ్ము తీసుకుంటున్నట్టుంది. అయినా ఒక్క స్వరం తప్పలేదు. చెయ్యి వణకలేదు. చివరి షడ్జం దగ్గర జానెడూ అయిపోయి కమాను నూనెలోకి జారింది, శబ్దం సన్నగిల్లి ఆగిపోయింది. సరిగ్గా అక్కడే వయొలిన్లు అందుకోవాలి. అందుకున్నాయి. నా కళ్లలో నీళ్లు తిరిగి, ఆ తర్వాత పిల్లల మొహాలేవీ నాకు సరిగ్గా కనబడలేదు.

మాకు మొదటి బహుమతి రాలేదు, రెండోదీ రాలేదు. కానీ ఒక జడ్జి వెనక గదిలోకి వచ్చి చెల్లో పిల్ల ఎవరని అడిగి, వచ్చే ఏడు కూడా వాయించాలని చెప్పి వెళ్లాడు. వెంటనే భాటియా సార్ చెల్లో పక్కన నిలబడి ఫొటో దిగాడు. "మేడమ్, ఇంకో చెల్లో కూడా ఉంటే బాగుంటుంది, క్యా బోల్తీ హైఁ?" అన్నాడు. జడ్జి మెచ్చుకున్నాక ఇంకేం చెప్తాడు! నవ్వి ఊరుకున్నాను.

ఆయన వెళ్లాక వరుణ్ నా దగ్గరికి వచ్చాడు. ఏడుపు మొహం. "మేడమ్, మీరు చెయ్యెత్తగానే నేను నొక్కాను. కసమ్ సే, ఒట్టు. సౌండే రాలేదు."

"నేను ప్లగ్ తీసేశా," అంది శరణ్య.

చెల్లో పెట్టెలో పెడుతూ, తల ఎత్తకుండా అంది. స్టేజీ మీద ముల్లు ఆనించడానికి వంగినప్పుడు, తన కుర్చీ పక్కనే ఉన్న కీబోర్డు ప్లగ్ లాగేసిందట.

నాకు కోపం నషాళానికి ఎక్కింది. "నీకేమైనా మతి పోయిందా? పలక్కపోతే? అంత హాలు ముందు ఏం చేసేదానివే?"

"మీరు చెయ్యెత్తుతారని తెలుసు మేడమ్," అంది. "పంద్రాగస్టుకి కూడా ఎత్తారు కదా. అప్పుడు ఇంకో నోట్ ఆగి ఉంటే నేను వాయించేసేదాన్ని."

నా కోపం ఎటు పోయిందో తెలీలేదు. స్కూలంతా చూడాల్సిన వింత అది. హనుమాయమ్మగారు ముందుకొచ్చారు. నూనె మరకల కొంగు సర్దుకుని, "రేపు దశమి దాకా దీన్ని మళ్లీ పూజలో పెట్టుకోవచ్చా అమ్మా?" అని భయంభయంగా అడిగారు.

"పెట్టుకోండి పిన్నిగారూ. బొట్టు పెట్టెకి పెట్టండి. నూనె దీపంలో పొయ్యండి."

ఆవిడ నవ్వారు. శరణ్య పెట్టె మూసి, వీపుకి తగిలించుకుని నా ఎదురుగా నిలబడింది.

"ఇంకెప్పుడూ ఎత్తను," అన్నాను.

"పక్కా?"

"పక్కా."